పరాయి సొమ్ము మన ఖాతాలో ఉన్నప్పుడు: బ్రిటన్‌లోని తెలుగు సంఘాలకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యదర్శులకు, కార్యవర్గ సభ్యులందరికీ నమస్కారాలు.

అద్దె కట్టుకోవడానికి ప్రభుత్వ సాయం కోరే మనవాళ్ళకు ఫారాలు నింపిపెట్టడం, కౌన్సిల్ నుంచి వచ్చిన ఉత్తరాలు చదివి అర్థం చెప్పడం, అవసరమైతే ట్రైబ్యునల్ దాకా తోడు వెళ్ళడం కొన్నేళ్ళుగా నేను చేస్తున్న పని. ఈ పనిలో నాకు మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. మనవాళ్ళు అబద్ధం ఆడడం వల్ల వచ్చే చిక్కు కాదది. అయినవాళ్ళ మధ్య డబ్బు నోటిమాట మీద చేతులు మారడం వల్ల, ఒకరి సొమ్ము ఇంకొకరి ఖాతాలో నమ్మకం మీద ఉండడం వల్ల వస్తున్నది. మన కట్టుబాటులో అది మంచితనం. ప్రభుత్వ సాయాల, అంటే బెనిఫిట్ల లెక్కలో అదే అనర్హతకు కారణమవుతోంది. ఈ సంగతి మన సంఘాలు చేపట్టకపోతే వేరెవరూ చేపట్టరనే నమ్మకంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొన్న వేసవిలో ఒక పెద్దావిడ ఇంట్లో వంటగది బల్ల దగ్గర కూర్చున్నాను. డెబ్బై దాటిన మనిషి. భర్త పోయాక అద్దె ఫ్లాట్‌లో ఒక్కరే ఉంటున్నారు. కౌన్సిల్ పంపిన ఉత్తరం నా ముందు పెట్టి, దాని పక్కనే బ్యాంకు స్టేట్‌మెంట్ పరిచారు. భర్త బీమా సొమ్ములో మిగిలిన 8,400 పౌండ్లు ఆ ఖాతాలో చాలాకాలంగా కదలకుండా ఉన్నాయి. నవంబరులో ఒకే రోజున 9,000 పౌండ్లు వచ్చి పడ్డాయి, మార్చిలో అవే 9,000 బయటికి వెళ్ళిపోయాయి. డబ్బు జమ అయిన వరస పక్కన పెన్సిల్‌తో, కొంచెం వణికిన అక్షరాలతో, ‘చిన్నోడి డబ్బు’ అని తెలుగులో రాసి ఉంది. చెల్లెలి కొడుకు ఇల్లు కొనుక్కోవడానికి కూడబెట్టిన డిపాజిట్ అది. “నా దగ్గరుంటే ఖర్చయిపోతుంది పెద్దమ్మా, ఇల్లు కుదిరేదాకా నీ ఖాతాలో ఉంచు” అన్నాడట. ఆవిడ ఉంచారు. ఒక్క పౌండు ముట్టలేదు. అడిగిన రోజున మొత్తం తిరిగి పంపేశారు.

కౌన్సిల్‌కు మాత్రం కనిపించింది 17,400 పౌండ్లు. అద్దె కోసం కౌన్సిల్ ఇచ్చే హౌసింగ్ బెనిఫిట్‌కు పొదుపు హద్దు 16,000. కాబట్టి ఆ పంతొమ్మిది వారాల అద్దె సాయానికి మీరు అర్హులు కారు, తిరిగి కట్టండి అని ఉత్తరం వచ్చింది. ఆవిడ నన్ను అడిగింది ఒక్కటే: “నేను దొంగతనం చేశానని రాశారా బాబూ?” అలా రాయలేదని చెప్పాను. కానీ ఆ ఉత్తరం చదివిన ఏ పెద్దమనిషికైనా అలాగే అనిపిస్తుంది.

చట్టం నిజానికి అంత మొండిది కాదు. ఖాతా ఎవరి పేరున ఉంది అన్నదానితో లెక్క ముగియదు. ఆ సొమ్ము అసలు ఎవరిది, దాన్ని అనుభవించే హక్కు ఎవరికి ఉంది అన్నదే చివరికి చూడవలసింది. మేనల్లుడిదో, అక్క కొడుకుదో డబ్బును వారి తరఫున కేవలం దాచిపెట్టినప్పుడు అది దాచినవారి పొదుపు కిందికి రాదు. అయితే ఆ మాట రుజువు చేసుకోవలసిన భారం ఖాతాదారు మీదే పడుతుంది. పేరు మీదే, ఖాతా మీదే, ఇతరులది అనడానికి కాగితం ఏది అని అధికారి అడిగితే మనవాళ్ళ దగ్గర ఉండేది ఒక్క జవాబే: “మా అబ్బాయేనండీ, మేం కాగితాలు రాసుకోం.”

పెద్దావిడ విషయంలో కాగితం దొరికింది. ఆ అబ్బాయి జీతం నుంచి రెండేళ్ళపాటు కూడబెట్టినట్టు చూపే స్టేట్‌మెంట్లు, మార్చిలో తిరిగి వచ్చిన 9,000 అదే వారం ఇంటి కొనుగోలు చూసే లాయరుకు (సొలిసిటర్‌కు) చేరినట్టు చూపే రసీదు, దానితో పాటు ఆ పెన్సిల్ రాత. తర్వాత అల్లినవి కాక, జరుగుతున్నప్పుడే రాసిపెట్టుకున్న ఆధారాలకు విలువ ఎక్కువ. పెన్సిల్‌తో రాసిన ఆ రెండు ముక్కలకు తర్జుమా జతచేసి, నిర్ణయాన్ని మళ్ళీ చూడమని గడువులోపల అడిగాం. నాలుగు నెలలకు కౌన్సిల్ తన నిర్ణయాన్ని మార్చుకుంది. ఆ నాలుగు నెలలూ ఆవిడ హీటర్ వేసుకోవడానికి కూడా వెనకాడారు.

ఇందులో నన్ను ఎక్కువ బాధపెట్టిన విషయం ఇంకొకటి. ఆవిడ ఈ దేశానికి ఆలస్యంగా వచ్చారు, ఇక్కడ పనిచేసిన ఏళ్ళు తక్కువ, అందువల్ల స్టేట్ పెన్షన్ కూడా తక్కువే. తక్కువ ఆదాయం ఉన్న పెద్దవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే పెన్షన్ క్రెడిట్‌కు ఆవిడ ఎప్పుడో దరఖాస్తు పెట్టుకుని ఉండాల్సింది. “బ్యాంకులో డబ్బుంటే అది రాదు” అని ఎవరో ఫంక్షన్‌లో చెప్పారట, అందుకని పెట్టలేదు. ఆ మాట తప్పు. పెన్షన్ క్రెడిట్‌కు పొదుపు మీద పై హద్దే లేదు. 10,000 పౌండ్లు దాటిన ప్రతి 500కు వారానికి 1 పౌండు ఆదాయం ఉన్నట్టు లెక్క వేసుకుంటారు, అంతే. పైగా అందులో గ్యారంటీ క్రెడిట్ అనే భాగం ఏ కొంచెం వస్తున్నా, హౌసింగ్ బెనిఫిట్ లెక్కలో ఆ మనిషి పొదుపును కౌన్సిల్ పట్టించుకోదు, 16,000 హద్దు వర్తించదు. అంటే గ్యారంటీ క్రెడిట్ వస్తూ ఉండి ఉంటే, చిన్నోడి డబ్బు గురించి ఈ రభస జరిగేదే కాదు. ఫంక్షన్‌లో విన్న ఒక తప్పు మాట ఆవిడకు అంత ఖరీదు పడింది. పెన్షన్ క్రెడిట్‌ను మూడు నెలల వెనక నుంచి కూడా అడగవచ్చునని మీ సభ్యుల్లోని పెద్దవాళ్ళకు ఈ వారమే చెప్పగలిగితే అదే పెద్ద సాయం.

పని వయసులో ఉన్నవారి సంగతి వేరు. వారికి అద్దె సాయం ఇప్పుడు చాలావరకు యూనివర్సల్ క్రెడిట్ అనే నెలవారీ ప్రభుత్వ సాయంలో కలిసే వస్తుంది. వారికి 6,000 పౌండ్ల దాకా పొదుపును వదిలేస్తారు. ఆపైన ప్రతి 250 పౌండ్లకు, అందులో కొంత భాగమైనా సరే, నెలకు 4.35 పౌండ్ల ఆదాయం వస్తున్నట్టు ఊహించుకుని ఆ మేరకు కోత పెడతారు. 9,100 పౌండ్లు దాచుకున్న కుటుంబానికి కోత నెలకు 56.55. సరిగ్గా 16,000 ఉంటే కోత 174. దాని మీద ఒక్క పెన్నీ పెరిగితే మొత్తం సాయం పోతుంది. భార్యాభర్తలు కలిసి ఉంటే ఇద్దరి పొదుపూ కలిపే చూస్తారు. హద్దు మాత్రం ఒంటరి మనిషికి ఎంతో వాళ్ళకూ అంతే.

ఇక అప్పు దగ్గరికి వస్తాను. మనవాళ్ళు అందరికంటే ఎక్కువగా పొరబడేది ఇక్కడే. “అది నా డబ్బు కాదు కదా, అప్పు కదా, తిరిగి ఇవ్వాలి కదా” అంటారు. అనడంలో న్యాయం ఉంది. కానీ అప్పుగా తెచ్చుకున్న సొమ్ము మన చేతికి వచ్చాక, ఖర్చు కాకుండా ఉన్నంతకాలం, మామూలుగా అది మన పొదుపు కిందే లెక్క. తీర్చవలసిన బాకీని ఆ మొత్తంలోంచి తీసివేయరు. ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పును ఆ ఇంటి విలువలోంచి తీసివేసినట్టుగా, ఏదైనా ఆస్తి మీద నేరుగా ఉన్న అప్పును ఆ ఆస్తి విలువలోంచి తీసివేస్తారు. చేబదులుకు ఆ సౌకర్యం లేదు.

నాకు తెలిసిన ఒక టాక్సీ డ్రైవర్ కారు ఇంజన్ పాడైపోయింది. సొంతంగా 5,000 పౌండ్లు ఉన్నాయి. కారు కొనుక్కోమని అన్నగారు 12,000 చేబదులు పంపారు. కారు అమ్మేవాడు కాగితాలు సిద్ధం కాలేదని పది రోజులు ఆలస్యం చేశాడు. యూనివర్సల్ క్రెడిట్ నెల లెక్క ముగిసిన రోజున ఖాతాలో ఉన్నది 17,000. ఆ నెల అద్దె సాయంతో సహా మొత్తం ఆగిపోయింది. అదే సొమ్ముతో ఆ రోజుకు ముందే కారు కొని ఉంటే, జీవనోపాధికి వాడే వాహనం కాబట్టి దాని విలువను లెక్కలోకి తీసుకునేవారే కాదు. డబ్బుగా ఉంటే అనర్హత, కారుగా ఉంటే అర్హత. మధ్యలో ఉన్నది పది రోజులు.

దీనికి మందు బొత్తిగా లేదనుకోవద్దు. ఫలానా పనికి మాత్రమే ఇస్తున్నాను, ఆ పని జరగకపోతే సొమ్ము నాకు తిరిగి రావాలి అనే స్పష్టమైన షరతుతో ఇచ్చిన అప్పు, ఆ పనికి ఖర్చయ్యేదాకా ఇచ్చినవారి తరఫున ట్రస్టులో ఉన్నట్టే భావించవచ్చునని అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ 1968లో, బార్‌క్లేస్ బ్యాంకుకూ క్విస్ట్‌క్లోజ్ అనే కంపెనీకీ మధ్య నడిచిన కేసులో తీర్పు చెప్పింది. అది కంపెనీల గొడవే అయినా, ఆ సూత్రాన్ని బెనిఫిట్ల అప్పీళ్ళలోనూ చూపించవచ్చు. కానీ ‘కారు కొనడానికి మాత్రమే, కొనకపోతే తిరిగి పంపాలి’ అన్న ఒక్క వాక్యం అన్నగారు డబ్బు పంపిన రోజున రాసి ఉండాలి. వాట్సాప్‌లో రాసినా సరే. ఆ తమ్ముడు నాకు చూపించిన సందేశంలో ఉన్నది “పంపానురా, చూసుకో” అన్న మాట ఒక్కటే.

నెలనెలా తల్లిదండ్రులో తోబుట్టువులో పంపే చిన్న సాయాల గురించి కూడా అడుగుతుంటారు. యూనివర్సల్ క్రెడిట్‌లో అవి ఆదాయం కింద లెక్కకు రావు. కానీ నెల చివర మిగిలినది పొదుపులో కలుస్తుంది.

అప్పు ఇచ్చినవారికీ ఇబ్బంది ఉంది, ఇది చాలామందికి తెలియదు. బావమరిదికి 7,000 పౌండ్లు ఇచ్చి, ఇప్పుడు నా ఖాతా ఖాళీ అనుకుంటే సరిపోదు. తిరిగి రావలసిన బాకీ కూడా ఆస్తే. దాని విలువ ఎంత అన్నది వసూలయ్యే అవకాశాన్ని బట్టి ఉంటుంది. ఇచ్చిన మొత్తమంతా అని గుడ్డిగా లెక్కవేయకూడదని అధికారితో వాదించవచ్చు, వాదించాలి కూడా. అయితే ఫారంలో అసలు చెప్పకపోతే వాదనకు చోటే ఉండదు.

మన ఆడవాళ్ళు కొందరు నడిపే చీటీల మాట ఎత్తక తప్పదు. పది పన్నెండు మంది నెలనెలా కట్టే సొమ్ము చీటీ నడిపే మనిషి ఖాతాలోకి వస్తుంది, రెండు రోజుల్లో పాడుకున్నవారికి వెళ్తుంది. ఆ రెండు రోజుల్లో ఎవరైనా స్టేట్‌మెంట్ అడిగితే అదంతా ఆ ఇల్లాలి పొదుపులాగే కనిపిస్తుంది. ఎవరు ఎప్పుడు ఎంత కట్టారో, ఎవరికి ఇచ్చారో తేదీలతో పుస్తకం ఉండాలి, ఆ డబ్బుకు విడిగా ఒక ఖాతా ఉండాలి. చీటీ పాడుకుని పెద్ద మొత్తం అందుకున్న సభ్యురాలికీ ఇదే జాగ్రత్త అవసరం. ఆ మొత్తం చేతికి వచ్చిన రోజు నుంచీ లెక్కలోకి వస్తుంది.

ఇప్పుడు మీకు నేరుగా చెప్పవలసిన మాట, కొంచెం కటువుగా ఉంటే మన్నించండి. ఉగాది సభల్లో, సంక్రాంతి భోజనాల వరసల్లో నేను చాలాసార్లు విన్న సలహా ఇది: “16,000 దాటితే తీసేసి ఊళ్ళో తమ్ముడికి పంపెయ్యండి, ఎవరడుగుతారు?” ఇంతకంటే హాని చేసే సలహా లేదు. సాయం రావాలనే ఉద్దేశంతో సొమ్ము వదిలించుకున్నట్టు తేలితే, ఆ సొమ్ము ఇంకా మీ దగ్గరే ఉన్నట్టు భావించి లెక్కవేసే నియమం చట్టంలో ఉంది. డబ్బు తమ్ముడి దగ్గర, లెక్క మాత్రం మీ నెత్తిన. చెప్పకుండా దాచినట్టయితే అది మోసం కేసు దాకా పోవచ్చు. అధికారులకు తెలియదనే భరోసా కూడా ఇక పనికిరాదు. పొదుపు హద్దు దాటిన ఖాతాల సమాచారాన్ని బ్యాంకులు ప్రభుత్వానికి అందించేలా 2025 జనవరిలో ప్రభుత్వం పార్లమెంటులో బిల్లు ప్రవేశపెట్టింది.

మరోవైపు చూస్తే, నిజాయితీగా చేయగలిగిన పనులను చట్టమే అనుమతిస్తోంది. యూనివర్సల్ క్రెడిట్‌లోనూ, పెన్షన్ వయసువారి హౌసింగ్ బెనిఫిట్‌లోనూ, నిజంగా ఉన్న అప్పును తీర్చడానికి ఖర్చుపెట్టిన సొమ్మును వదిలించుకున్నదిగా చూడరు. తమ పరిస్థితికి తగిన వస్తువులు కొనుక్కోవడాన్నీ తప్పుపట్టరు. పాడైపోయిన ఫ్రిజ్ మార్చుకోవచ్చు, అన్నగారి చేబదులు తీర్చేయవచ్చు. ఆ చేబదులు నిజంగా ఉందని చూపించగలగాలి. మళ్ళీ అదే కాగితం దగ్గరికి వచ్చాం.

అయినవాళ్ళను కాగితం అడగడమేమిటన్న మొహమాటం నాకు తెలుసు. కానీ ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మన ఊళ్ళలో అప్పు ఇచ్చేటప్పుడు నోటు రాయించుకునేవారు. రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీదుగా సంతకం పెట్టించి, సాక్షుల పేర్లు రాసేవారు. నోటుకు మూడేళ్ళ గడువు దాటకుండా ఎంతో కొంత చెల్లు రాయించుకోవాలని చదువు రాని రైతుకు కూడా తెలుసు. సముద్రం దాటి వచ్చి, మనిషి కంటే కాగితాన్నే నమ్మే దేశంలో స్థిరపడి, సరిగ్గా ఇక్కడే మనం కాగితం మానేశాం. నోటు రాసుకోవడం అపనమ్మకం కాదు. పెద్దమ్మ ఖాతాలో డబ్బు ఉంచిన ఆ అబ్బాయి ఆవిడను నమ్మాడు. ఆవిడకు ఇబ్బంది రాకుండా నాలుగు వాక్యాలు రాసి ఇవ్వాలని ఎవరూ అతనికి చెప్పలేదు. ఎవరి సొమ్ము, ఎంత, ఏ తేదీన, ఎందుకు ఇచ్చారు, ఎప్పుడు తిరిగి తీసుకుంటారు, ఆ లోపల వాడుకునే హక్కు దాచినవారికి లేదు అని రాసి ఇద్దరూ సంతకం చేస్తే చాలు. సొమ్ము వచ్చిన రోజునే ఆ విషయం కౌన్సిల్‌కో, యూనివర్సల్ క్రెడిట్ ఆన్‌లైన్ ఖాతాలో ఉండే జర్నల్‌లోనో తెలియజేస్తే, దాచారన్న మాట తర్వాత రాదు.

ఈ హద్దుల న్యాయం గురించి కూడా నా అభిప్రాయం దాచను. 6,000, 16,000 అనే అంకెలు 2006 ఏప్రిల్ నుంచి కదలలేదు. ఈ మధ్యకాలంలో అద్దెలు ఎంత పెరిగాయో మీకు చెప్పనక్కరలేదు. 250 పౌండ్ల మీద నెలకు 4.35 అంటే ఏడాదికి నూటికి దాదాపు 21 వడ్డీ. ఏ బ్యాంకూ ఇవ్వని వడ్డీ. మన భాషలో చెప్పాలంటే నూటికి రూపాయి ముప్పావలా వడ్డీ వస్తోందని ఊహించి, రాని ఆ వడ్డీని మన అద్దె సాయంలోంచి కోసేస్తున్నారు. పిల్లల చదువుకో, చావు ఖర్చులకో నాలుగు డబ్బులు వెనకేసుకున్న మనిషిని ఇలా శిక్షించడం నాకు అన్యాయంగా తోస్తుంది. డిపార్ట్‌మెంట్ ఫర్ వర్క్ అండ్ పెన్షన్స్‌కూ, మీ మీ ఎంపీలకూ ఈ అంకెలతోనే సంఘాలన్నీ కలిసి ఒక వినతిపత్రం రాయాలని కోరుతున్నాను. విడివిడిగా వెళ్ళే ఉత్తరానికి వచ్చేది అచ్చువేసిన జవాబే.

అది జరిగేలోగా మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. మీ సభ్యులందరికీ వీసాల గురించి, పన్నుల గురించి సమావేశాలు పెడుతున్నారు. ఆదరణ కూడా బాగుంటోంది. అద్దె సాయం గురించి ఒక్కటి కూడా జరగలేదు. కారణం నాకు తెలుసు. బెనిఫిట్లు తీసుకుంటున్నామని నలుగురిలో చెప్పుకోవడానికి మనవాళ్ళు సిగ్గుపడతారు, సంఘాలు ఆ మాట ఎత్తడానికి మొహమాటపడతాయి. ప్రభుత్వ సాయానికి వీలులేని వీసాల మీద ఉన్నవారు మన సభల్లో చాలామందే ఉండడం వల్ల ఈ విషయం ఎవరికీ పట్టదని కూడా అనుకుంటారు. కానీ వారిలో చాలామంది అన్నలు, అల్లుళ్ళు, మేనల్లుళ్ళు. ఎవరో ఒకరి ఖాతాలో డబ్బు ఉంచేది, చేబదులు పంపేది వాళ్ళే. కాగితం రాయవలసిందీ వాళ్ళే. అందుకే ఇది సాయం తీసుకునే కొద్దిమందికి సంబంధించిన సమావేశం కాదు.

ఎవరికైనా ఇప్పటికే అలాంటి ఉత్తరం వచ్చి ఉంటే, సమావేశం దాకా ఆగవద్దని చెప్పండి. నిర్ణయం తేదీ నుంచి ఒక నెల గడువు. హౌసింగ్ బెనిఫిట్ అయితే కౌన్సిల్‌ను మళ్ళీ చూడమనవచ్చు, లేదా నేరుగా అప్పీలు చేయవచ్చు. యూనివర్సల్ క్రెడిట్ అయితే ముందు పునఃపరిశీలన కోరి, ఆ తర్వాతే ట్రైబ్యునల్‌కు వెళ్ళాలి. నెల దాటినా తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు. భయపడి ఉత్తరాన్ని సొరుగులో పెట్టేయడమే మనవాళ్ళు ఎక్కువగా చేస్తున్న పొరపాటు.

చేబదులుకూ, దాచిన సొమ్ముకూ రాసుకోదగిన కాగితాల చిత్తుప్రతులు రెండు తెలుగులో, వాటి ఇంగ్లీషు ప్రతులతో సహా సిద్ధం చేశాను. మీ తదుపరి కార్యవర్గ సమావేశం ఎప్పుడో తెలియజేస్తే వాటితో వస్తాను. ఆ పెద్దావిడ కూడా వస్తానన్నారు. పెన్సిల్ రాత ఉన్న ఆ స్టేట్‌మెంట్ నకలు అందరికీ చూపించడానికి ఆవిడకు అభ్యంతరం లేదు; తన పేరూ, పిల్లవాడి పేరూ కనబడకుండా మూసేస్తే చాలన్నారు.

భవదీయుడు,
అద్దె సాయం ఫారాలకు తోడు వెళ్ళే ఒక తెలుగువాడు